యాభై ఆరా, యాభై ఎనిమిదా?

(చెన్నైలో తెలుగు డిగ్రీ, పీజీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. మీ విభాగం వాళ్ళు నాకు ఇచ్చిన అంశం "సెమినార్ పత్రం ఎలా రాయాలి" అని. దాని మీద సూత్రాలు చెప్పే పుస్తకాలు మీ గ్రంథాలయంలో చాలా ఉన్నాయి, అవి మీరు చదువుకోగలరు. నేను నిన్న రాత్రి కూర్చుని మీరు రాసిన పదకొండు పత్రాలూ చదివాను. వాటిలో కనిపించిన ఒక అంకెతో మొదలుపెడతాను.

మద్రాసులో తెలుగువారి చరిత్ర మీద మీలో ఐదుగురు రాశారు. ఐదుగురూ పొట్టి శ్రీరాములు గారి నిరాహార దీక్షను ప్రస్తావించారు. ముగ్గురు 56 రోజులన్నారు, ఇద్దరు 58 రోజులన్నారు. దీక్ష మొదలైన తేదీ అందరూ ఒకటే రాశారు, 1952 అక్టోబరు 19. ఆయన కన్నుమూసిన తేదీ కూడా అందరూ ఒకటే రాశారు, డిసెంబరు 15. అంటే లెక్క వేయడానికి కావలసిన రెండు తేదీలూ మీ పేజీలోనే ఉన్నాయి. ఇప్పుడు నాతో పాటు వేళ్ళ మీద లెక్కపెట్టండి. అక్టోబరు 19 నుంచి 31 దాకా, రెండు చివరలూ కలిపి, 13 రోజులు. నవంబరులో 30. డిసెంబరులో 15. మొత్తం 58. మొదటి రోజును వదిలేస్తే 57. రెండు చివరలూ వదిలేస్తే తప్ప 56 రాదు, ఆ రెండు రోజులూ ఆయన దీక్షలోనే ఉన్నారు.

పొద్దున కాఫీ దగ్గర 58 అని రాసిన ఇద్దరినీ అడిగాను, మీకు ఆ సంఖ్య ఎలా వచ్చిందని. ఒకరు లెక్క వేశానన్నారు. రెండో అమ్మాయి నిజాయితీగా చెప్పింది, "మేడమ్, నేను చూసిన పుస్తకంలో అలా ఉంది" అని. ఆ అమ్మాయి రాసింది సరైన సంఖ్యే. కానీ ఆమె చేతికి ఇంకో పుస్తకం వచ్చి ఉంటే 56 అనే రాసేది. తప్పు రాసిన ముగ్గురూ, ఒప్పు రాసిన ఈ అమ్మాయీ చేసిన పని ఒకటే. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ పని గురించే.

రెండు రోజుల తేడాకు ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒక మనిషి ఈ ఊళ్ళో, మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పడుకుని, అన్నం మానేసి ప్రాణం వదిలారు. ఆయన ఒక్కొక్క పూటా ఆకలితో గడిపిన రోజులవి. వాటిలో రెండు రోజులు మన చేతి నుంచి జారిపోతే నాకు బాధగా ఉంటుంది. ఆయన పేరు తలుచుకుని పత్రం రాసేవాళ్ళం కనీసం ఆయన రోజులు సరిగ్గా లెక్కపెట్టాలి.

ఇంకో మాట. ఆ 56 అనే సంఖ్యను మొదట ఎవరు రాశారు? ఏ పుస్తకంలోంచి ఏ పుస్తకంలోకి పాకింది? పాఠ్యపుస్తకాల్లోకి ఎప్పుడు వచ్చింది? ఒక్క సంఖ్య వెనకాల నడుచుకుంటూ వెళ్ళి, దొరికినంత వరకు దొరికింది రాస్తే అది మంచి సెమినార్ పత్రం. పది పేజీలు చాలు. మీ పత్రాల్లో ఒకదాని పేరు "మద్రాసు మహానగరంలో తెలుగువారి సాంస్కృతిక వైభవం". రాసిన అబ్బాయి కష్టపడ్డాడు, భాష బాగుంది. కానీ ఆ శీర్షిక కింద ఎంత రాసినా తరగదు కాబట్టి అతను ప్రతి విషయానికీ ఒక్కొక్క పేరా ఇచ్చి ముందుకు వెళ్ళిపోవలసి వచ్చింది. బ్రౌన్‌కు ఒక పేరా, పుస్తకాలు అచ్చువేసిన వావిళ్ల వారికి ఒక పేరా, ఆంధ్రపత్రికకు ఒక పేరా, సినిమాకు ఒక పేరా. ఏ పేరాలోనూ అతను సొంతంగా కనుక్కున్న విషయం లేదు. అంత పెద్ద శీర్షిక పెట్టుకుంటే ఆ తీరిక ఎవరికీ ఉండదు.

అతని పత్రంలోనే ఒక మంచి పత్రం దాగి ఉంది, అది ఎక్కడుందో చూపిస్తాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు అని అతను ఒక వాక్యంలో చెప్పి వదిలేశాడు. ఆ వాక్యం దగ్గర ఆగాలి. పత్రిక నడిపే మనిషే మందు అమ్మే మనిషి కూడా. అప్పుడు ఆ పత్రికలో మందుల ప్రకటనలు ఎలా ఉండేవి? అమృతాంజనం ప్రకటన ఏ పేజీలో, ఎంత స్థలంలో వేసేవారు? పోటీ మందుల ప్రకటనలు కూడా తీసుకునేవారా? తలనొప్పిని వర్ణించడానికి ఏ తెలుగు వాడారు? ఏదో ఒక్క ఏడాది సంచికలు తీసుకోండి, దొరికినవి ఎన్నో లెక్కపెట్టండి, ఒక్కొక్కటే తిరగేయండి. సమాధానం ఏమిటో నాకు ముందుగా తెలియదు, మీ గైడుకూ తెలియదు. అందుకే నేను ఆ పత్రం చదవడానికి ఎదురుచూస్తాను.

మీరు చెన్నైలో ఉండి తెలుగు చదువుతున్నారు. తెలుగు రాష్ట్రాలకు దూరంగా ఉన్నాం, మాకు పుస్తకాలు దొరకవు అని మీలో కొందరు అనడం విన్నాను. ఆ మాట మనసులోంచి తీసేయండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల పరిపాలన కాగితాలన్నీ ఈ ఊరికే వచ్చేవి. వాటిలో ఎన్నో ఇప్పటికీ ఎగ్మూరు రైల్వే స్టేషను దగ్గరి ఆ ఎర్ర ఇటుకల భవనంలో, తమిళనాడు రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో ఉన్నాయి. అక్కడికి కాస్త దూరంలో పాంథియన్ రోడ్డు మీద కన్నెమరా గ్రంథాలయం ఉంది. అది 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతినీ అందుకోవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చేపాక్కంలో చాలా కాలం ఉండి, తర్వాత కొట్టూరుపురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయ భవనంలోకి మారింది. కాలిన్ మెకంజీ సేకరించినవీ, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సేకరించినవీ దానికి పునాది. అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారి గ్రంథాలయం 1886 నుంచి ఉంది. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న పరిశోధకుడు సెలవు పెట్టి, రైలెక్కి, లాడ్జిలో దిగి చూడవలసిన వాటిని మీరు మధ్యాహ్నం తరగతి ఎగ్గొట్టకుండానే సాయంత్రం బస్సులో వెళ్ళి చూడవచ్చు.

ఇక అక్కడికి వెళ్ళాక ఎదురయ్యే ఇబ్బందులు. మొదటిది పేర్లు. పాత కేటలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. వీరేశలింగం గారి పేరును ఇంగ్లీషులో కొందరు "వీ" అక్షరానికి రెండు ఈలు పెట్టి రాశారు, కొందరు ఒక్క ఐ పెట్టి రాశారు. కొన్ని కార్డుల్లో ఆయన కందుకూరి కింద ఉంటారు, కొన్నింట్లో వీరేశలింగం కింద, ఇంకొన్నింట్లో పంతులు కింద. గురజాడ వారి ఇంటిపేరుకు "జ" ఉన్నచోట జే పెట్టినవారూ ఉన్నారు, జెడ్ పెట్టినవారూ ఉన్నారు. తమిళుల పేర్లలో ముందుండే అక్షరం సాధారణంగా తండ్రి పేరు, మనకు అది ఇంటిపేరు. ఈ తేడా తెలియని గుమాస్తా కార్డు రాసి ఉంటే పుస్తకం ఎక్కడ చేరిందో ఊహించండి. కాబట్టి ఒకచోట వెదికి "లేదు" అని రాయకండి. వెళ్ళే ముందే ఒక కాగితం మీద ఆ పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ రాసుకుని వెళ్ళండి. అక్కడి సిబ్బందితో తమిళంలో మాట్లాడండి, మీలో చాలామందికి ఇక్కడే పుట్టి పెరిగిన తమిళం ఉంది. పాత బీరువాల్లో ఏ పుస్తకం ఎక్కడుందో కేటలాగు కన్నా వాళ్ళకు బాగా తెలుసు.

కంప్యూటర్‌లో వెదికేటప్పుడు కూడా ఇదే. పాత పుస్తకాల్లో "వాడు" అని వెదికితే "వాఁడు" దొరకదు. "చెరువు" అని కొడితే "చెఱువు" దొరకదు. ఈ ఊరి పేరే చూడండి. చెన్నపట్నం, చెన్నపట్టణం, చెన్నపురి, మదరాసు, మద్రాసు, ఇన్ని పేర్లతోనూ తెలుగువాళ్ళు దీన్ని రాశారు. "మద్రాసు" అని ఒక్కమాట కొట్టి, ఏడు పుస్తకాలే వచ్చాయి కాబట్టి ఏడే ఉన్నాయనుకుంటే మన కళ్ళు మనమే మూసుకున్నట్టు. స్కాన్ చేసిన ప్రతుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. తెర మీద కనిపించే పేజీ సంఖ్య వేరు, పుస్తకంలో అచ్చయిన పుట సంఖ్య వేరు. పీఠికకు వేరే అంకెలు ఉంటాయి. మీ పాదసూచికలో ఉండవలసింది అచ్చయిన పుట.

రెండో ఇబ్బంది సంవత్సరాలు. దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే పదకొండు పత్రాల్లో నాలుగింట్లో ఇక్కడే కాలు జారింది. పాత తెలుగు పుస్తకం ముఖపత్రం మీద చాలాసార్లు ఇంగ్లీషు సంవత్సరం ఉండదు. "ఆనంద నామ సంవత్సరం" అని ఉంటుంది. ప్రభవాది అరవై సంవత్సరాలు చక్రంలా తిరుగుతాయి కదా, ఆనంద 1854లో వచ్చింది, మళ్ళీ 1914లో, మళ్ళీ 1974లో. మీలో ఒకరు అలాంటి పుస్తకానికి 1914 అని రాశారు. ఆ పుస్తకం ఫోటో తీసి జతచేశారు కాబట్టి నేను చూడగలిగాను. ముఖపత్రం అడుగున, అలంకారపు గీత కింద, చిన్న అక్షరాల్లో శాలివాహన శకం కూడా ఉంది, 1776 అని. శకానికి 78 కలిపితే 1854. అరవై ఏళ్ళ తేడా! 1854లో అచ్చయిన పుస్తకాన్ని 1914లో నిలబెట్టి, దాని మీద వీరేశలింగం గారి సంస్కరణోద్యమ ప్రభావం ఉందని రెండు పేజీలు రాశారు. ఆ పుస్తకం వచ్చేనాటికి వీరేశలింగం గారికి ఆరేళ్ళు.

నేను ఆ విద్యార్థిని తప్పుపట్టడం లేదు. ఫోటో జతచేసినందుకు మెచ్చుకుంటున్నాను. ఫోటో లేకపోతే ఆ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు. దాన్ని చూసి ఇంకొకరు రాసేవారు, వారిని చూసి వేరొకరు.

సంవత్సరం తేలినా పని అయిపోదు. మన ఏడు ఉగాదికి మొదలవుతుంది, కాబట్టి ఆనంద సంవత్సరపు మాఘమాసం అంటే 1914 కాదు, 1915 ఫిబ్రవరి ప్రాంతం. శకానికి అప్పుడు 79 కలపాలి. చెన్నైలో ఇంకో చిక్కు కూడా ఉంది. తమిళులకూ ఇవే అరవై పేర్లు, కానీ వారి సంవత్సరం ఏప్రిల్ నడుమ మొదలవుతుంది. 1914లో మన ఉగాది మార్చి చివరి వారంలో వచ్చింది. ఆంధ్రపత్రిక దినపత్రిక పుట్టిన ఏప్రిల్ 1న తెలుగువారికి ఆనంద సంవత్సరం మొదలైపోయింది, పక్కింటి తమిళులకు ఇంకా ప్రమాదీచే నడుస్తోంది. ఒకే వీధిలో, ఒకే రోజు, రెండు సంవత్సరాలు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపాలి. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. ఇంత చిక్కుందని భయపడకండి. వారం పేరు, తిథి కూడా ఇచ్చి ఉంటే అవి మీకు తోడు. పంచాంగంతో సరిచూసినప్పుడు వారం కలిస్తే తేదీ దాదాపు ఖాయమే. కలిసిన క్షణంలో కలిగే సంతోషం మీరే అనుభవించి చూడాలి.

పత్రికల విషయంలో తేదీలకు ఇంకొక మెలిక ఉంది. శ్రీరాములు గారు డిసెంబరు 15 రాత్రి పోయారు. ఆ వార్త మోసే పత్రిక మీద 15 ఉండదు. అలాగే ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ గారు లోక్‌సభలో ప్రకటించింది డిసెంబరు 19న. పత్రిక తేదీనే సంఘటన తేదీగా రాస్తే ఒక రోజు ముందుకు జరుగుతుంది. అప్పుడు ఆంధ్రపత్రిక, 1938లో మొదలైన ఆంధ్రప్రభ రెండూ ఈ ఊళ్ళోనే అచ్చయ్యేవి. ఆ వారం సంచికలు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే ఊళ్ళో ఒకే వార్తను రెండు పత్రికలు ఎలా చెప్పాయో తెలుస్తుంది. అది కూడా ఒక పత్రమే.

ఆకరం, అంటే మూల ఆధారం, చేతికి వచ్చాక దాన్ని నమ్మేయడమేనా? మెకంజీ కైఫియతుల మీద, అంటే ఆయన కోసం ఊరూరా రాయించిన గ్రామ చరిత్రల మీద, మీలో ఒకరు రాశారు కాబట్టి ఆ ఉదాహరణే తీసుకుంటాను. మెకంజీ దొర 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు. కానీ ఊరూరా తిరిగినవాళ్ళు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి, ఇంకా ఎందరో సహాయకులు. బొర్రయ్య 1803లోనే పోయాడు, చిన్న వయసు. వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి కరణాన్ని కూర్చోబెట్టి, మీ ఊరు ఎప్పుడు పుట్టింది, ఏ రాజులు ఏలారు, గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు అని అడిగి రాయించారు. ఇప్పుడు ఆ కరణం ఇంట్లో మనం కూర్చుందాం. కంపెనీ వారి మనిషి వచ్చి అడుగుతున్నాడు. ఊళ్ళో కొందరికి ఇనాం భూములు ఉన్నాయి. ఆ భూములు ఉంటాయో పోతాయో ఈ కంపెనీ చేతిలో ఉంది. అప్పుడు కరణం ఏమి చెబుతాడు? ఆ ఇనాం ఫలానా రాయలవారు తామ్రశాసనం మీద ఇచ్చారనే చెబుతాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనడం లేదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ అవసరంతో చెప్పారో చూసుకుని ఆ మాటను తూచాలి. మీ పత్రంలో "కైఫియతు ప్రకారం ఈ ఊరును కృష్ణదేవరాయలు దానమిచ్చాడు" అని ఉంది. దాని పక్కన ఇంకొక్క వాక్యం, "ఇది సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత ఆ ఊరి కరణం చెప్పిన మాట" అని ఉంటే, చదివేవాడికి ఎంత మేలు చేసినట్టో.

బ్రౌన్ దొర ఈ తూచే పనిని తెలుగు పుస్తకాల విషయంలో చేశాడు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో పక్కపక్కన పెట్టి చూపించేలా రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. మీరు అంత చేయనక్కరలేదు గానీ ఏ కూర్పు చూశారో మాత్రం రాయాలి. కన్యాశుల్కాన్ని 1892లో మొదట ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు చాలా మార్పులతో, చాలా పెద్దదిగా వచ్చింది. మనం బడిలో చదివిందీ, మన నోళ్ళలో నానే మాటలూ ఆ రెండో కూర్పులోవి. దాన్ని చేతిలో పెట్టుకుని "1892 నాటి ఈ నాటకంలో" అని మొదలుపెడితే పదిహేడేళ్ళు చెరిగిపోతాయి. ఆ పదిహేడేళ్ళలో గురజాడ వారి చెయ్యి ఎంత మారిందో కూడా కనిపించకుండా పోతుంది.

నోట్సు రాసుకోవడం గురించి చెప్పాలి. మీ వయసులో నేను కన్నెమరాలో కూర్చుని ఒక పాత మాసపత్రిక నుంచి నాలుగు వాక్యాలు రాసుకున్నాను. చాలా మంచి వాక్యాలు. ఉత్సాహంలో పుట సంఖ్య రాసుకోలేదు, సంచిక నెల కూడా రాసుకోలేదు. సెమినార్‌లో ఆ వాక్యాలు చదివినప్పుడు ఒక పెద్దాయన లేచి చాలా మర్యాదగా, "అమ్మా, ఇది ఏ సంచిక?" అని అడిగారు. ఆయన వాదించడానికి అడగలేదు, ఆయనకు అది కావాలి. నేను చెప్పలేకపోయాను. ఆ తర్వాత మూడు రోజులు కూర్చుని బైండు సంపుటాలన్నీ తిరగేసి దొరకబుచ్చుకున్నాను, కానీ ఆయన ఎవరో, ఎక్కడుంటారో నాకు తెలియలేదు. ఆయనకు ఆ సమాధానం చేరలేదు. అప్పటి నుంచి నా అలవాటు మారింది. పుస్తకం తెరవగానే కాగితం పైన రచయిత, పేరు, కూర్పు, ప్రచురించిన చోటు, సంవత్సరం, చూసిన గ్రంథాలయం, అక్కడి కాల్ నంబరు రాస్తాను. ఎడమవైపు పుట సంఖ్య వేసిన తర్వాతే ఎత్తి రాయడం మొదలుపెడతాను. పుస్తకంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటే కొటేషన్ గుర్తుల్లో. నా మాటల్లో సారాంశం అయితే గుర్తులు లేకుండా. నాకు తోచిన ఆలోచన అయితే కుడివైపు, వేరే రంగు పెన్సిలుతో. మూడు నెలల తర్వాత ఆ కాగితం తీసినప్పుడు ఏది ఎవరి మాటో మనకే గుర్తుండదు, ఆ రంగే చెబుతుంది. ఫోన్‌తో ఫోటోలు తీసుకునేవారు ముందు ముఖపత్రం తీసి, ఆ తర్వాత లోపలి పేజీలు తీయండి.

ఈ పని చేసినవాళ్ళకు గ్రంథచౌర్యం భయం ఉండదు. యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే శిక్షలో ఒక మెట్టు, నలభై దాటితే ఇంకొకటి, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దయ్యే దాకా ఉంది. మీలో చాలామంది ఆ శాతం గురించే అడిగారు. నేను శాతం గురించి మాట్లాడను. ఒక తమిళ వ్యాసాన్ని తెలుగులోకి మార్చి తనదిగా పెట్టుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోకపోవచ్చు, అయినా అది ఒకరి కష్టం తీసుకోవడమే. ఆ తమిళ పండితుడి పేరు పాదసూచికలో వేయండి. వేస్తే మీ గౌరవం తగ్గదు, రెండు భాషల్లో చదివిన మనిషిగా పెరుగుతుంది.

కృత్రిమ మేధ సంగతి కూడా అడిగారు. పదకొండు పత్రాల్లో ఒకదాని చివర ఉపయుక్త గ్రంథ సూచిలో ఒక పుస్తకం ఉంది. రచయిత పేరు ఉంది, ప్రచురణకర్త ఉన్నాడు, చెన్నపురి అని ఊరు ఉంది, సంవత్సరం ఉంది. అంతా ముచ్చటగా ఉంది. నేను వెదికాను, అలాంటి పుస్తకం ఎక్కడా కనిపించలేదు. ఆ విద్యార్థిని అడిగితే, చాట్ యంత్రాన్ని అడిగాను, అది ఇచ్చింది అన్నాడు. ఆ యంత్రాలు పుస్తకం పేరులా ఉండే మాటలను పేర్చగలవు, అలాంటి పుస్తకం లేకపోయినా సరే. మీరు చేత్తో పట్టుకోని పుస్తకాన్ని, కనీసం స్కాన్ ప్రతి అయినా తెరవని పుస్తకాన్ని సూచిలో వేయకండి. ఇంకొకరి వ్యాసంలో చూసి తీసుకున్న మాట అయితే, "ఫలానా వ్యాసంలో ఉటంకించినది" అని రాయండి. తెలుగులో మంచి మాట ఉంది కదా, విన్నదానికీ కన్నదానికీ మధ్య బెత్తెడు దూరమని. ఆ బెత్తెడు ఎక్కడుందో పాఠకుడికి చూపిస్తే చాలు.

రాయడం గురించి ఎక్కువ చెప్పను. "సాహిత్యం సమాజానికి దర్పణం" అని మొదలైన పత్రాలు మూడు ఉన్నాయి, ఆ వాక్యాలు కొట్టేయండి. మీరు కనుక్కున్న విషయం దగ్గర మొదలుపెట్టండి. పరిచయం చివర రాసుకోండి. "పరిశీలించబడినది", "గమనించబడినది" అని రాస్తే చూసిన మనిషి మాయమవుతాడు. "చూశాను", "పోల్చాను" అని రాయండి. "అద్భుతమైన", "అపూర్వమైన" అనే మాటలు తీసేసి ఆ చోట ఒక ఉదాహరణ పెట్టండి. సూచిలో పేర్లు ఇంటిపేరు ముందు పెడతారా, అసలు పేరు ముందు పెడతారా అన్నది మీ విభాగం పద్ధతి. ఏదైనా సరే, చివరిదాకా ఒకటే ఉండాలి.

వెనక వరుసలో ఒక అబ్బాయి చెయ్యి ఎత్తాడు. చెప్పు బాబూ. … సరే, అందరికీ వినపడేలా మళ్ళీ చెబుతాను. "నేను వెదికిన సంచికలు దొరకలేదు. సమర్పించడానికి పది రోజులే ఉంది. అంశం మార్చుకోవాలా?" అని అడుగుతున్నాడు.

మార్చుకోవద్దు. ఎక్కడెక్కడ వెదికావు? … కన్నెమరాలో, మీ కాలేజీలో. ఏ పేర్లతో వెదికావు? … ఒక్క పేరుతోనే. అయితే ఇంకా ఆశ ఉంది. పేర్లు మార్చి మళ్ళీ వెదుకు, అడయారు కూడా చూడు, పాత వార్తాపత్రికలు ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేసి పెట్టినవి చూడు. అప్పటికీ దొరకకపోతే పత్రంలో అలాగే రాయి. "1914 మే, జూన్ సంచికలు ఫలానా మూడు చోట్ల ఫలానా తేదీల్లో వెదికాను, నాకు దొరకలేదు. కాబట్టి నా లెక్క మిగిలిన పది నెలలకే వర్తిస్తుంది." ఈ రెండు వాక్యాలు రాసిన పత్రానికి మార్కులు తగ్గించే అధ్యాపకుడు ఉంటే నా దగ్గరికి రమ్మను, నేను మాట్లాడతాను. నీ తర్వాత ఇదే పని చేయబోయే అమ్మాయి ఆ మూడు చోట్లా తిరగనక్కరలేకుండా నాలుగో చోటికి వెళుతుంది.

ఈ శనివారం ఉదయం పది గంటలకు నేను కన్నెమరా గేటు దగ్గర ఉంటాను. వచ్చేవాళ్ళు కాలేజీ గుర్తింపు కార్డు, విభాగాధిపతి సంతకంతో పరిచయ లేఖ తెచ్చుకోండి. పెన్ను వద్దు, పెన్సిలు తెచ్చుకోండి, పాత కాగితాల దగ్గర సిరా ఉండకూడదు. ముందు 1952 డిసెంబరు 16 పత్రికలు అడుగుదాం.